శ్రీకాకుళం నుంచి డల్లాస్: అసలు దూరం ఎంత, గాలిలో ఎన్ని గంటలు?

నాగావళి_గట్టు:

అమ్మానాన్నలు మే నెలలో నరసన్నపేట నుంచి డల్లాస్ వెళ్లాలి. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. నాన్నకి షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. శ్రీకాకుళం నుంచి డల్లాస్ దూరం ఎంతని వెతికితే ఒకచోట 8,900, ఇంకోచోట 14,300, మరోచోట 16,000 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

టైములు కూడా అర్థం కావట్లేదు. చూసిన టికెట్ ఇలా ఉంది: హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:15కి బయల్దేరి దుబాయ్ 6:40కి, అక్కడ 9:40కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:55కి డల్లాస్. అంటే 12 గంటల 40 నిమిషాల్లో అమెరికా వెళ్లిపోతారా? పైగా దుబాయ్ నుంచి డల్లాస్ వెళ్లడానికి 16 గంటల 15 నిమిషాలు, తిరిగి రావడానికి 14:45 అని ఉంది. ఒకే దారికి గంటన్నర తేడా ఎందుకు? విశాఖ–హైదరాబాద్ టికెట్ విడిగా తీస్తే చవగ్గా వస్తోంది, తీయొచ్చా?

గంటస్తంభం_సెంటర్:

మూడు అంకెలూ నిజమేనండి, కొలతలే వేరు. 14,300 అన్నది గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే అతి దగ్గరి దూరం, కిలోమీటర్లలో. 8,900 అన్నది అదే దూరం, మైళ్లలో. 16,000 మీవాళ్లు ఎక్కబోయే మూడు విమానాలూ కలిపి తిరిగే దూరం: విశాఖ–హైదరాబాద్ 510, హైదరాబాద్–దుబాయ్ 2,545, దుబాయ్–డల్లాస్ 12,920. మొత్తం సుమారు 15,975 కిలోమీటర్లు.

మన జిల్లాల వాళ్లకి ఈ 14,300 లెక్క కట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు. శ్రీకాకుళం 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 96.8 డిగ్రీల పడమటి రేఖాంశం మీద. కలపండి: 180.7. విజయనగరం (83.4) తీసుకుంటే 180.2. ఈ మొత్తం 180 అయిందంటే రెండో ఊరు ఉత్తర ధ్రువానికి అవతలి వైపు సరిగ్గా మనకి ఎదురుగా ఉందన్నమాట. కాబట్టి అతి దగ్గరి దారి పడమటికీ కాదు, తూర్పుకీ కాదు. నిట్టనిలువునా ఉత్తరానికి, ధ్రువం మీదుగా.

శ్రీకాకుళం 18.3 డిగ్రీల అక్షాంశం, అంటే ధ్రువానికి 71.7 డిగ్రీలు. డల్లాస్ 32.8, అటు నుంచి ధ్రువానికి 57.2. రెండూ కలిపితే 128.9. డిగ్రీకి 111.2 కిలోమీటర్లు వేసుకుంటే 14,330. ఈ రెండు ఊళ్లూ ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కాబట్టే ఇంత సులువైన లెక్క సరిపోయింది. వేరే ఊరికైతే ఇది కుదరదు.

ఆ గీత వెంట గ్లోబు మీద వేలు పెట్టి నడపండి. శ్రీకాకుళం నుంచి పైకి వెళ్తే నేపాల్‌లో పోఖరా, అదీ దాదాపు 84 డిగ్రీల రేఖాంశమే. తర్వాత టిబెట్, తక్లమకాన్ ఎడారి, సైబీరియాలో నోవోసిబిర్స్క్‌కి కాస్త తూర్పుగా, ఆపైన ఆర్కిటిక్ సముద్రం, ధ్రువం. అటు దిగితే కెనడాలో విన్నిపెగ్, అక్కడి నుంచి తిన్నగా కిందికి డల్లాస్. గోడకి వేలాడే పటంలో ఈ దారి కనిపించదు, ఎందుకంటే ఆ పటం ధ్రువాన్ని పైఅంచు పొడవునా సాగదీసేస్తుంది.

ఎగువగాలి:

టైము విషయం చెప్తాను. టికెట్ మీద ఉండే ప్రతి టైమూ ఆ ఊరి టైమే. 4:15 హైదరాబాద్‌ది, 4:55 డల్లాస్‌ది. మే నెలలో డల్లాస్ మనకన్నా 10 గంటల 30 నిమిషాలు వెనక. కనిపించే 12:40కి 10:30 కలపండి, 23 గంటల 10 నిమిషాలు. ఇంకోలా సరిచూసుకోండి: దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, కాబట్టి అక్కడి 6:40 అంటే మనకి 8:10. మొదటి విమానం 3 గంటల 55 నిమిషాలు, దుబాయ్‌లో ఆగేది 3 గంటలు, రెండోది 16:15. కూడితే 23:10 వచ్చింది.

ఒక జాగ్రత్త. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. చలికాలంలో మనకీ డల్లాస్‌కీ తేడా 11 గంటల 30 నిమిషాలు అవుతుంది. తిరుగు ప్రయాణం నవంబరులో అనుకుంటే ఆ గంట చూసుకుని ఎయిర్‌పోర్టుకి కారు మాట్లాడుకోండి. దుబాయ్, ఇండియా గడియారాలు ఏడాది పొడవునా మారవు.

ఇక ఆ గంటన్నర తేడా. విమానాలు ఎగిరే 10, 12 కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి పారుతూ ఉంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. విమానం వేగం గాలితో పోల్చి గంటకి 900 అయితే, ఎదురుగాలి 60 ఉన్నప్పుడు నేల మీద లెక్కకి 840, వెనకగాలి 60 ఉన్నప్పుడు 960. 12,920 కిలోమీటర్లకి మొదటి లెక్కన 15 గంటల 20 నిమిషాలు పైన, రెండో లెక్కన 13 గంటల 30 నిమిషాలు. దానికి విమానం రన్‌వే దాకా నేల మీద పోవడం, పైకి లేవడం, కిందికి దిగడం కలిపితే మీ టికెట్‌లో అంకెలు దగ్గరదగ్గరగా వచ్చేస్తాయి. సగటున 60 అన్నది ఉదాహరణకి వేసినదే, రోజురోజుకీ మారుతుంది.

దుబాయ్–డల్లాస్ దగ్గరి దారి కూడా తిన్నగా పడమటికి పోదు. వాయవ్యంగా ఇరాన్ వైపు బయల్దేరి, సుమారు 67 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా దిగుతుంది. తిరుగులో ఆ రోజు వెనకగాలి ఎక్కడ బాగుంటే అక్కడికి, ఎక్కువగా అట్లాంటిక్ మీదికి, దారి మార్చుకుంటారు. కాస్త ఎక్కువ దూరం తిరిగినా ముందే చేరతారు. టికెట్‌లో రాసేది మాత్రం గేటు వదిలిన దగ్గర్నుంచి గేటు చేరే దాకా పట్టే సమయం. అందుకే విమానం గాలిలో ఉన్న గంటలు దానికన్నా అరగంట, ముప్పావుగంట తక్కువే ఉంటాయి.

కొత్తవలస_జంక్షన్:

అంత తిన్నని దారి ఉన్నప్పుడు నేరుగా ఒక్క విమానం ఎందుకు వెయ్యరు? హైదరాబాద్–డల్లాస్ వేస్తే మన తెలుగువాళ్లతోనే నిండిపోతుంది కదా.

గంటస్తంభం_సెంటర్:

దూరం ఒక్కటే అయితే అడ్డు కాదు. హైదరాబాద్–డల్లాస్ 14,420 కిలోమీటర్లు. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 పైన రోజూ ఎగురుతోంది. 2021లో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నేరుగా నడిపింది, తర్వాత ఆపేసింది. అడ్డంకులు వేరే ఉన్నాయి.

మొదటిది టిబెట్. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం వెంటనే 10,000 అడుగులకి దిగాలి, ఎందుకంటే ప్రయాణికుల నెత్తి మీద ఊడిపడే మాస్కుల్లో ఆక్సిజన్ ఇంచుమించు పావుగంటకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి నేలే 14,000, 15,000 అడుగుల ఎత్తు. దిగడానికి చోటు లేదు. ముందే తప్పించుకునే దారి గీసుకుని, అదనపు ఆక్సిజన్ ఉన్న విమానాలే అటు వెళ్లాలి. చాలా సంస్థలు చుట్టూ తిరిగి పోతాయి.

రెండోది ధ్రువం. ఇంధనం గడ్డకట్టే చలి ఉంటుంది: అమెరికాలో నింపే జెట్-ఎ మైనస్ 40 డిగ్రీల దగ్గర, మిగతా చోట్ల వాడే జెట్-ఎ1 మైనస్ 47 దగ్గర. ట్యాంకు ఉష్ణోగ్రత ఆ హద్దుకి చేరువైతే కిందికి దిగడమో వేగం పెంచడమో చెయ్యాలి. భూమధ్యరేఖ పైన నిలిచి ఉండే ఉపగ్రహాలు 82 డిగ్రీల అక్షాంశం దాటాక అందవు, అక్కడ నేలతో మాట్లాడాలంటే చాలా దూరం అందే హెచ్‌ఎఫ్ రేడియోయే ఎక్కువ ఆధారం. దారిలో అత్యవసరంగా దిగే విమానాశ్రయాలు ఎక్కడున్నాయో ముందే లెక్క చూపాలి.

మూడోది, ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది, గగనతలం. 2022 ఫిబ్రవరి, మార్చి నుంచి అమెరికా సంస్థల విమానాలు, చాలావరకు యూరప్ సంస్థలవీ రష్యా మీదుగా ఎగరట్లేదు. మన ధ్రువం గీతలో సైబీరియా మొత్తం రష్యాదే. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకి పాకిస్థాన్ తన గగనతలం మూసేసింది, దాంతో మనవాళ్లు పడమటికి పోవాలన్నా చుట్టు దారే. చుట్టు తిరిగితే ఇంధనం ఎక్కువ, ఇంధనం బరువు పెరిగితే మనుషులనో సామాన్లనో తగ్గించాలి. ఎండాకాలం మధ్యాహ్నం పల్చబడిన గాలిలో నిండు బరువుతో లేవడం ఇంకా కష్టం. టికెట్లు అమ్ముడైనా లాభం మిగలదు.

ఒక చోట ఆగి వెళ్లడం వల్ల మీవాళ్లు పెద్దగా నష్టపోయేది ఏమీ లేదు, అది గమనించండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా 15,465, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,370, లండన్ మీదుగా 15,380. మూడు దారులూ నేరు దూరం కన్నా 1,000 కిలోమీటర్ల అటూఇటూ ఎక్కువ, గాలిలో గంటా పావు. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోకండి. ఎంతసేపు ఏకబిగిన కూర్చోవాలన్నది చూడండి.

పలాస_పేట:

మా బంధువులది శాన్‌ఫ్రాన్సిస్కో. వాళ్లకీ ఇదే లెక్కా? విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లమంటున్నారు.

ఎగువగాలి:

ఆ ఊరికి లెక్క మారుతుందండి. విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో నేరు దూరం 13,300. సింగపూర్ దాకా 2,900, అక్కడి నుంచి 13,590, కలిపి 16,500 దగ్గర. 3,200 కిలోమీటర్లు అదనం. అయినా పనికొచ్చే దారే. విశాఖలోనే ఇమిగ్రేషన్ అయిపోతుంది, హైదరాబాద్‌లో సామాను మోసుకుని మారే పని లేదు. పసిఫిక్ మీద తూర్పుకి వెళ్తారు కనుక వెళ్లేటప్పుడే వెనకగాలి, సుమారు 15 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి, 17 దగ్గర పడుతుంది. డల్లాస్ వాళ్లకి ఇది తిరగబడి ఉంటుంది. తేదీ రేఖ దాటుతారు కాబట్టి సింగపూర్‌లో పొద్దున్న ఎక్కితే అదే తేదీ పొద్దున్నే దిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. తిరుగులో ఒక తేదీ మాయమవుతుంది, ఇంటి దగ్గర ఏదైనా శుభకార్యం ఉంటే ఆ రోజు లెక్కలో వేసుకోండి.

రణస్థలం_హైవే:

అందరూ గాలిలో లెక్కే చెప్పారు. పెద్దవాళ్లు అలిసిపోయేది నేల మీద. మీరు చూపిన టికెట్‌తోనే కట్టి చూద్దాం.

నరసన్నపేట నుంచి విశాఖ విమానాశ్రయం సుమారు 135 కిలోమీటర్లు, మూడు గంటలు పెట్టుకోండి. ఆనందపురం దాకా ఇబ్బంది ఉండదు. అక్కడ ఊళ్లోకి దూరితే హనుమంతవాక, మద్దిలపాలెం దగ్గర ఇరుక్కుంటారు. సాయంత్రం పూట పెందుర్తి మీదుగా తిప్పమనండి. మధ్యాహ్నం 12కి ఇల్లు కదిలితే 3కి విమానాశ్రయం, 5కి విమానం, 6:15కి హైదరాబాద్. అక్కడ 4:15 దాకా పది గంటలు. డల్లాస్‌లో దిగేసరికి మన గడియారంలో మూడో రోజు తెల్లవారుజామున 3:25. గడప దాటినప్పటి నుంచి 39 గంటల 25 నిమిషాలు. అందులో మూడు విమానాలూ కలిపి 21 గంటల 25 నిమిషాలే. మిగతా 18 గంటలు రోడ్డు, లైను, కుర్చీ. డల్లాస్‌లో ఇమిగ్రేషన్‌కి గంటో రెండో ఇంకా ఉంటుంది.

దాన్ని తగ్గించుకుందామని విశాఖలో ఆఖరి విమానం ఎక్కించకండి. అది రద్దయితే వెనక ఇంకోటి ఉండదు. తర్వాత కనీసం ఒక్క విమానమైనా ఉన్నదే తీయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, విడి టికెట్. చవకే, కానీ రెండు చోట్ల దెబ్బ కొడుతుంది. అమెరికా టికెట్ మీద సాధారణంగా ఒక్కొక్కరికి 23 కిలోలవి రెండు పెట్టెలు వస్తాయి. విడిగా తీసిన విశాఖ–హైదరాబాద్ టికెట్ మీద ఎక్కువ సంస్థలు ఇచ్చేది 15 కిలోలు. 46 కిలోలతో వెళ్తే మనిషికి 31 కిలోలకి అదనంగా కట్టాలి, ఇద్దరికి లెక్కేసుకుంటే టికెట్‌లో మిగిలిందంతా అక్కడే పోతుంది. రెండోది, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఎవరూ బాధ్యత తీసుకోరు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే తర్వాతి విమానంలో సీటు చూపాల్సిన పని ఎయిర్‌లైన్‌ది. పెట్టెలు కూడా విశాఖలో ఇస్తే డల్లాస్‌లోనే తీసుకోవచ్చు, చెక్-ఇన్‌లో ఇచ్చిన ట్యాగు మీద డల్లాస్ అని ఉందో లేదో అక్కడే చదివించుకోండి. విడి టికెట్ అయితే హైదరాబాద్‌లో బెల్టు మీంచి పెట్టెలు దింపుకుని, బయటికి వచ్చి, పై అంతస్తులో డిపార్చర్స్‌కి ఎక్కి మళ్లీ లైను కట్టాలి. మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకి ఒకే పీఎన్‌ఆర్ తప్ప ఇంకోటి వద్దు.

డబ్బు తగ్గాల్సిందే అంటే విడి విమానం కన్నా రైలు నయం. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నే సికింద్రాబాద్. ఆ రాత్రి తెల్లవారితే విమానం కాబట్టి రైలు ఐదారు గంటలు ఆలస్యమైనా భయం లేదు, పగలు నడుం వాల్చడానికి సమయం కూడా దొరుకుతుంది. శంషాబాద్‌కి 40 కిలోమీటర్ల దగ్గర, పుష్పక్ బస్సుంది.

భోగాపురం కొత్త విమానాశ్రయం సంగతి కూడా. నరసన్నపేట వాళ్లకి అది పాత విశాఖ విమానాశ్రయం కన్నా 50 కిలోమీటర్లు దగ్గర, విజయనగరం నుంచైతే పాతిక కిలోమీటర్లే. మీ తేదీకి విమానం పాత విశాఖ నుంచా, భోగాపురం నుంచా అన్నది టికెట్ మీదే చూడండి, కారు అతని మాట మీద వెళ్లకండి.

పెట్టెలో గసగసాలు మాత్రం వద్దు. దుబాయ్‌లో అవి నిషిద్ధం. మసాలా పొడి కొట్టించి పంపుతుంటే అందులో పడకుండా చూడండి.

నాగావళి_గట్టు:

చాలా థాంక్సండి అందరికీ. ఒకే పీఎన్‌ఆర్ మీదే తీస్తాను. అమ్మ మోకాళ్లు చూసుకుంటే 16 గంటలు ఏకబిగిన మంచిదా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రెండు ముక్కలు చేస్తే మంచిదా? నాన్న ఇన్సులిన్ టైము ఎలా మార్చాలి?

వంశధార_ఆర్‌ఎంపీ_కాదు_నర్సు:

ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో హైదరాబాద్ నుంచి సుమారు తొమ్మిదిన్నర గంటలు, ఆగి, మళ్లీ 11 గంటలు. మోకాళ్లు పట్టేసేవాళ్లకి ఇలా దాదాపు సగానికి విరగడమే సుఖం. కానీ మధ్యలో ఆగేది రెండు గంటల లోపు అయితే ఒద్దు, సెక్యూరిటీ దాటి గేటు మారేసరికే అది చాలదు. మూడు, నాలుగు గంటలు ఉన్నది చూడండి. భాష విషయంలో జంకు ఉంటే దుబాయ్ దారిలో తెలుగో హిందీయో మాట్లాడేవాళ్లు ఎక్కువ మంది కనిపిస్తారు, అది కూడా తక్కువ సంగతి కాదు. ఏ దారైనా అమ్మకి వీల్‌చెయిర్ బుక్ చేసేటప్పుడే పెట్టించండి, కనీసం 48 గంటల ముందు. దానికి డబ్బు తీసుకోరు. సీటు నడవ పక్కన, బాత్రూముకి మరీ దూరం కాకుండా. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వెయ్యాలి. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతూ పిక్కలు కదిలించాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో పెరుగుతుంది. బిగుతు మేజోళ్లు అవసరమా అన్నది డాక్టరునే అడగండి, కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేని షుగర్ వాళ్లకి అవి పడవు.

నాన్న ఇన్సులిన్ మొత్తం చేతి సంచీలోనే. కింద సామాన్ల అరలో అది గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టాక కరిగినా పని చెయ్యదు. సూదులకి డాక్టరు చీటీ, మందుల పేర్లతో సహా, పక్కనే ఉంచాలి. పడమటికి వెళ్తే ఆ రోజు పదిన్నర గంటలు పొడుగవుతుంది, కాబట్టి మామూలు మోతాదుల మధ్య ఒక ఖాళీ వస్తుంది. దాన్ని ఎలా నింపాలన్నది ఆయన వాడేది ఏ రకం ఇన్సులిన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటర్నెట్‌లో చూసి మార్చకండి. పైన కట్టిన టైములన్నీ మన గడియారంలోకి మార్చి ఒక కాగితం మీద రాయండి: ఎక్కేది, దిగేది, భోజనం పెట్టేది. దాన్ని డాక్టరు ముందు పెడితే ఏ గంటకి ఎంత అన్నది ఆయనే పక్కన రాసిస్తారు. డల్లాస్‌లో దిగేదాకా నాన్న చేతి గడియారం ఇండియా టైములోనే ఉంచండి. భోజనం ట్రాలీ ఎదురుగా వచ్చాకే భోజనం ముందు వేసుకునే ఇన్సులిన్ వెయ్యాలి, ట్రాలీ బయల్దేరిందని చూసి కాదు. కుదుపులు మొదలైతే వడ్డన మధ్యలో ఆపేస్తారు, సూది వేసుకుని తిండి లేకుండా అరగంట కూర్చుంటే షుగర్ పడిపోతుంది. జేబులో గ్లూకోజ్ బిళ్లలో, నాలుగు ఖర్జూరాలో తప్పకుండా ఉండాలి.